నైట్ డ్యూటీ చేసేవారికి పగలే రాత్రి

తలనొప్పి, కడుపులో మంట, ఊరికే చిరాకు, మందులు వాడినా గుణం లేదు. ఇలా బాధపడేవారు డాక్టరుగారికి తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది: తమ డ్యూటీ వేళలు. సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో, ఆర్టీసీ నైట్ సర్వీసుల్లో, ఆసుపత్రి వార్డుల్లో ఎంతోమంది మనం నిద్రపోయే వేళ మేలుకొని పనిచేస్తున్నారు.

మన మెదడులో ఒక గడియారం ఉంది. వెలుతురును బట్టి అది తన వేళలు సరిచూసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను పెరుగుతుంది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గుతుంది, కునుకు ఆపుకోలేని వేళ అదే. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీ చేసినా చాలామందిలో ఈ గడియారం పూర్తిగా మారదు. అందుకే పగటి నిద్ర మధ్యలోనే చెదిరిపోతుంది. "మాకు అలవాటైపోయింది లెండి" అనే మాటను అంతగా నమ్మకండి.

డ్యూటీలోనే కాదు, ఇంటికి వచ్చే దారిలోనూ ప్రమాదం ఉంది. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే! చుక్క ముట్టనివారు కూడా ఈ స్థితిలో బండి నడుపుతున్నారు. నిద్రమత్తును పట్టే యంత్రం పోలీసుల దగ్గర లేదు మరి. కళ్లు మూతపడుతుంటే బస్సెక్కండి, లేదా ఇరవై నిమిషాలు కునుకు తీసి బయలుదేరండి. ముఖం కడుక్కున్నంత మాత్రాన నిద్ర పోదు.

డ్యూటీకి వెళ్లే ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకుంటే మంచిది. టీ, కాఫీ డ్యూటీ మొదటి సగంలోనే ముగించండి. తాగిన అయిదు గంటలకు కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది.

ఇక ఇంట్లోవారికి ఒక మాట. పగలు పడుకున్న మనిషిని బద్ధకస్తుడనుకోకండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి, టీవీ తగ్గించండి. "గ్యాస్ బండి వచ్చింది, ఒక్కసారి లేవండి" అనడం, మనల్ని రాత్రి రెండింటికి తట్టి లేపినట్టే. ఆడవారి పరిస్థితి మరీ కష్టం. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన నర్సమ్మే టిఫిను చేసి, పిల్లలను బడికి పంపాలా? ఆ పని ఇంకెవరైనా అందుకోవచ్చు.

నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. షుగరు ఉన్నవారు నైట్ డ్యూటీ పడినప్పుడు మందులు, ఇన్సులిన్ ఏ వేళకు తీసుకోవాలో డాక్టరుగారిని ముందే అడగండి. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు కూడా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఆ సంగతి పడుకున్నవారికి తెలియదు, పక్కనున్నవారే గమనించి చెప్పాలి.