మంత్రదండము వెనుక లాటిను

రాత్రి భోజనములైన పిదప అనేక గృహములలో పిల్లలు హారీ పాటర్ కథలు చదువుకొనుచుందురు. కథలోని బాలుడు “ల్యూమోస్” అనగానే మంత్రదండము కొనయందు వెలుగు పుట్టును. “నాక్స్” అనగానే ఆ వెలుగు ఆరిపోవును. ఇవి అర్థములేని శబ్దములా? కావు. వీని మూలములు ప్రాచీన రోమను ప్రజలు మాటలాడిన లాటిను భాషలో నున్నవి. 1997లో తొలి సంపుటమును వెలువరించిన రచయిత్రి జె. కె. రౌలింగ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయమున ఫ్రెంచితోపాటు ప్రాచీన గ్రీకు, రోమను వాఙ్మయమును కూడ అభ్యసించిరి.

లాటినులో ‘ల్యూమెన్’ అనగా వెలుగు. దీపమునుండి వెలువడు మొత్తము కాంతిని కొలుచు ప్రమాణము పేరు కూడ ల్యూమెనే. ఇంటికి తెచ్చిన ఎల్‌.ఇ.డి. బల్బు పెట్టెమీద ఈ మాట అచ్చయి యుండును. ‘నాక్స్’ అనగా రాత్రి. పగలును రాత్రియు ఇంచుమించు సమానముగా నుండు విషువద్దినమును ఆంగ్లమున ‘ఈక్వినాక్స్’ అనుటకు కారణమిదియే. ఈకను గాలిలోనికి లేపు మంత్రములోని ‘లెవియోసా’కు మూలము ‘లెవిస్’, అనగా తేలికయైనది. అయస్కాంతబలముతో వస్తువును పైకి తేల్చుటకు ‘లెవిటేషన్’ అను పేరు దీనినుండియే వచ్చినది. కథలో పౌర్ణమినాడు తోడేలుగా మారు ఉపాధ్యాయుని పేరు లూపిన్. లాటినులో ‘లూపుస్’ అనగా తోడేలు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో తోడేలునకు ‘కానిస్ లూపుస్’ అని పేరు పెట్టెను.

శాస్త్రమునకు లాటిను ఎందుకు? ఆ కాలమున ఐరోపా పండితులకు అది ఉమ్మడి భాష. న్యూటను తన ‘ప్రిన్సిపియా’ను 1687లో లాటినులోనే ప్రకటించెను. లాటిను అప్పటికే ఏ దేశమునకును మాతృభాషగా లేదు. కనుక అన్ని దేశములవారికిని సమ్మతమయ్యెను.

ఈ భాష మనకు బొత్తిగా పరాయిది కాదు. లాటిను, సంస్కృతము ఒకే భాషాకుటుంబమునకు చెందినవి. ‘లెవిస్’కు జ్ఞాతి సంస్కృతములోని ‘లఘు’, ‘నాక్స్’కు ‘నక్తమ్’, ‘లూపుస్’కు ‘వృక’. తెలుగు వేరొక కుటుంబపు భాషయైనను, సంస్కృతమునుండి ఈ మాటలను గ్రహించినది. ఛందస్సులో గురులఘువులు గుర్తించిన విద్యార్థికి, భీముడు వృకోదరుడని వినిన విద్యార్థికి ఈ మూలములు సగము తెలిసినట్లే.

అయితే లాటినువలె వినిపించునదెల్ల లాటిను కాదు. కథలో కుక్కగా మారు సిరియస్ పేరు ఆకాశమున మిక్కిలి ప్రకాశించు నక్షత్రమునది. మనవారు దానిని లుబ్ధకుడనిరి. ఆ మాట గ్రీకునుండి లాటినులోనికి వచ్చినది. కనుక మూలమును ఊహింపక నిఘంటువులో చూచుట మేలు.

సోడియమునకు సంకేతము ‘ఎన్‌.ఎ.’ ఎందుకైనదో తెలియని విద్యార్థి దానిని బట్టీపట్టి, పరీక్ష కాగానే మరచును. దాని లాటిను నామము ‘నాట్రియం’ అనియు, ఇనుమునకు ‘ఫెర్రం’, బంగారమునకు ‘ఆరం’ అనియు తెలిసినవానికి ఆ సంకేతములు అర్థవంతములగును. ఉపాధ్యాయుడు పాఠమునకు ముందు ఐదు నిమిషములు, పిల్లలు చదివిన కథలోని ఒక్క మాటను నల్లబల్లమీద వ్రాసి, దాని మూలమును వారిచేతనే వెదకించినచో చాలును.