చింతపండు పొట్లముపై మన తోపు పేరు

మాఘ ఫాల్గుణ మాసములలో కృష్ణగిరి, హోసూరు ప్రాంతములందలి చింతతోపులలో కాయ దులుపుట సాగును. పెంకు ఒలిచి, ఈనె తీసి, గింజ రాల్చువరకు ఇంటిల్లిపాదియు శ్రమింతురు. మన పాఠశాల పిల్లలును సెలవు దినములలో అందు పాలుగొందురు. ఆ పండు గోనెసంచులలో మండీకి చేరిన పిమ్మట ఎవరి తోపులోనిదో ఎవ్వరికిని తెలియదు. ఏరి శుభ్రపరచినదియు, మట్టి కలిసినదియు ఒకే కుప్పలో పడును. చిన్న పొట్లములు కట్టి, వానిపై తోపు పేరు వేసి అమ్ముకొనుడని తలిదండ్రులతో మేము చెప్పుట ఇందువలననే.

పేరు పెట్టుట తేలిక యనుకొందురు. దేవతల పేర్లు ప్రతి వీధిలోని అంగళ్లకును కలవు. కొన్నవారు రెండవమారు అడిగి తెచ్చుకొనుటకు అవి ఉపకరింపవు. “మంచి చింతపండు” వంటి వర్ణనమాత్రమగు పేరును 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము సామాన్యముగా నమోదునకు అంగీకరింపదు. తోపులోని బావి పేరో, చెట్లు నాటిన అవ్వ పేరో మేలు. (మా బంధువులలో ఒకరు సింహము బొమ్మ వేయించిరి. చింతపండునకును సింహమునకును గల సంబంధము మాకు నేటికిని బోధపడలేదు.) నమోదైన పేరు 10 సంవత్సరములు చెల్లును, పిమ్మట పొడిగించుకొనవచ్చును.

ఇక పొట్లము సంగతి. చింతపండు పులుపు ఇనుప డబ్బాను తినివేయును. గాజుసీసాకు రేకు మూత పెట్టినను ఆ మూత తుప్పుపట్టును. పండు గాలిలోని చెమ్మను పీల్చి నల్లబడును. మన పెద్దలు ఉప్పు కలిపి కుండలలో అదిమి ఉంచుట ఇందుకే. కొన్ని యేండ్ల క్రిందట మేము మా యింటి పండును పాత వార్తాపత్రికలలో చుట్టి బంధువులకు పంపితిమి. కాగితము తడిసి, అక్షరములు పండునకు అంటుకొనెను. అచ్చుసిరా ఆహారమునకు తగులరాదు. 2018 నాటి ఆహార ప్యాకేజింగు నిబంధనలు వార్తాపత్రికలో చుట్టుటను నిషేధించినవి. ఆ సిగ్గు మాకింకను పోలేదు.

తమిళనాడులో ఒకమారు వాడి పారవేయు పలు ప్లాస్టిక్కు వస్తువులపై 2019 జనవరి 1 నుండి నిషేధము కలదు. కాగితపు సంచులని అమ్మువానిలో కొన్నింటికి లోపల పలుచని ప్లాస్టిక్కు పొర ఉండును; అది మట్టిలో కలియదు. కొనుటకు ముందు ఒక మూల చించి చూడవలెను. పండును గట్టిగా అదిమి దిమ్మచేసి, ఆహారమునకు తగిన మైనపు పూత కాగితములో చుట్టి, తాటాకు బుట్టలో నుంచుట మా దృష్టిలో ఉత్తమము. బుట్టను గృహిణి పారవేయదు, వెల్లుల్లి పోసికొనును.

చీటీపై కట్టినవారి పేరు, చిరునామా, నికర తూకము, కట్టిన నెల, సంవత్సరము, పన్నులతో కూడిన గరిష్ఠ ధర, ఫిర్యాదులకు ఫోను సంఖ్య, ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్య ఉండవలెను. ఈ తప్పనిసరి వివరములు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండవలెనని 2011 నాటి తూనికల నిబంధనలు చెప్పుచున్నవి. వానితోపాటు మరి యే భాషయైనను వాడవచ్చునని కూడ చెప్పుచున్నవి. “తెలుగు ఎవరు చదువుదురు?” అని కొందరు తలిదండ్రులు మమ్మడిగిరి. కొనువారు తమిళులు గనుక తమిళము పెద్ద అక్షరములలో ఉండుట న్యాయమే. అయినను అవ్వ పేరు ఆమె మాటలాడిన భాషలో ఒక వరుస ఉండుటకు చట్టము అడ్డుపడుట లేదు, మనమేల అడ్డుపడవలెను?

అచ్చు తప్పులతో వేయి చీటీలు వచ్చిన తరువాత చేయగలిగినది లేదు. ప్రూఫు కాగితమును ముందుగా మీ పిల్లలచేత పంపుడు. శనివారము మధ్యాహ్నము మా ఉపాధ్యాయులు మూడు భాషలను సరిచూచి యిత్తురు.