క్షయ కాని క్షయ

"ఇంగ మాత్రలు మింగలేనురా, నాయనా!" అని చిన్నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. క్షయ మందులు మొదలుపెట్టి అప్పటికి నాలుగో నెల. జ్వరం తగ్గలేదు, దగ్గు తగ్గలేదు. మనిషి మాత్రం సగమైపోయాడు.

మాది కడప జిల్లాలో వేంపల్లె వైపు. శెనక్కాయ కళ్ళంలో దుమ్ము పీల్చని రైతు మా సీమలో ఉండడు. ఆ దుమ్ములోనే శత్రువు దాగి ఉండవచ్చునని ఎవరనుకుంటారు?

చివరకు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుగారు ఎక్స్‌రే చూడకముందే, "కీళ్ళనొప్పులకు మాత్రలేమైనా వాడుతున్నారా, పెద్దాయనా?" అని అడిగారు. వాడుతున్నాడు! రెండేళ్ళుగా, ఎవరికీ చెప్పకుండా, స్టెరాయిడ్ మాత్రలు. అవి నొప్పినే గాక ఒంటిలోని రక్షణశక్తిని కూడా అణచివేస్తాయి.

తెమడ మళ్ళీ పరీక్షించారు. దొరికిన దొంగ పేరు నోకార్డియా. 1888లో ఎడ్మండ్ నోకార్డ్ అనే ఫ్రెంచి పశువైద్యుడు గ్వాడెలూప్ దీవి పశువుల జబ్బులో గుర్తించిన సూక్ష్మజీవి ఇది. దీని నివాసం మట్టి. ఆరోగ్యవంతుణ్ణి సాధారణంగా ఏమీ చేయదు. స్టెరాయిడ్లు వాడేవారినీ, మూత్రపిండం మార్పిడి అయినవారినీ, ఎయిడ్స్ రోగులనూ పట్టుకొంటుంది. ఎక్స్‌రేలో క్షయలాగే కనబడి మోసగిస్తుంది. క్షయకు చేసే మామూలు పరీక్షలో గాఢమైన ఆమ్లంతో కడిగితే దీని ఎరుపు వెలిసిపోవచ్చు; 1 శాతం గంధకామ్లంతో కడిగితే కొమ్మలు చీలిన దారాల్లా ఎర్రగా నిలుస్తుంది. ప్రయోగశాలలో పెంచి చూడడానికి ఒక్కొక్కప్పుడు రెండు మూడు వారాలు పడుతుంది.

మందు మాత్రం పాత సల్ఫాయే. ట్రైమెథోప్రిమ్‌తో కలిపి ఇస్తారు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా విడవకుండా వాడాలి. ఈ జబ్బు మెదడుకు పాకగలదు కనుక తలకు స్కానింగ్ కూడా తీశారు. దేవుడి దయవల్ల అక్కడేమీ లేదు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటదని డాక్టరుగారు చెప్పాక, చిన్నమ్మ వేరుపెట్టిన కంచమూ చెంబూ మళ్ళీ వంటింట్లోకి చేరాయి.

తగ్గని దగ్గుతో వైద్యుడి దగ్గరకు పోయేవారు తాము మింగే ప్రతి మాత్రా చెప్పితీరాలి. అలాగని స్టెరాయిడ్లు ఉన్నట్టుండి మానడమూ ప్రమాదమే. వైద్యుడి సలహామీద మెల్లగా తగ్గించాలి.

ఏడాది తిరిగింది. చిన్నాయన మూతికి తువ్వాలు కట్టుకొని మళ్ళీ కళ్ళం దగ్గర నిలబడ్డాడు.

"మొదటి పొద్దే ఆ మాత్రల మాట చెప్పింటే నాలుగు నెలలు మిగిలేవి గదరా!" అంటాడు నన్ను చూసినప్పుడల్లా.