సెల్ఫ్ డ్రైవింగ్ కారుకి మన మరికల్ రోడ్డు తెలుసా?

అడాస్ ఉన్న కారు రివ్యూ అంటే మన దగ్గర ఎక్కువమంది తీసుకెళ్లేది హైదరాబాద్ ఓఆర్ఆర్‌కే. 158 కిలోమీటర్లు, స్పష్టమైన లేన్ గీతలు, బైకులకి ఎంట్రీ లేదు. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంటే చూడ్డానికి మస్తుగా ఉంటది. అదే కారుని నారాయణపేట నుంచి మరికల్ రోడ్డు మీదికి తెచ్చారనుకోండి. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటారు. పొద్దుగూకే టైంకి గొర్ల మంద అడ్డం వస్తది. వెనక లైట్ లేని ట్రాక్టర్ ట్రాలీ సంగతి చెప్పక్కర్లేదు.

సెల్ఫ్ డ్రైవింగ్ కార్ల నైతికత అనగానే అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు: బ్రేకులు ఫెయిలైతే కారు ముసలాయన్ని గుద్దాలా, చిన్నపిల్లనా? ఎంఐటీ వాళ్లు 'మోరల్ మెషిన్' పేరుతో ఇదే ఆన్‌లైన్‌లో అడిగితే 233 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 4 కోట్ల సమాధానాలు వచ్చాయి. ఆ ఫలితాలు 2018లో 'నేచర్' పత్రికలో వేశారు. చదవడానికి బాగుంటది. కానీ అదే ఏడాది నిజంగా జరిగిన ప్రమాదంలో కారు ఎవరినీ ఎంచుకోలేదు.

2018 మార్చి 18 రాత్రి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీలో ఒక మహిళ సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతోంది. ఊబర్ టెస్ట్ కారు ఆమెని 5.6 సెకన్ల ముందే కనిపెట్టింది. కానీ ఆమె ఏంటో తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అంది, ఒకసారి 'ఇతరం' అంది, ఒకసారి సైకిల్ అంది. పేరు మారినప్పుడల్లా అంతకుముందు ఆమె ఎటు కదిలిందో ఆ లెక్క వదిలేసింది. జీబ్రా క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఆలోచనే ఆ డిజైన్‌లో లేదని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా అర్థమైతది: ఎవరో ఆ కేసు రాయలేదు, అంతే. ఆమె చనిపోయింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. సీట్లో ఫోన్ చూస్తూ కూర్చున్న సేఫ్టీ డ్రైవర్‌కి 2023లో మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

ఇప్పుడు మన రోడ్ల లెక్క చూద్దాం. కారుకి చూపు నేర్పడానికి ప్రపంచమంతా వాడే 'సిటీస్కేప్స్' డేటాసెట్ ఎక్కువగా జర్మనీ నగరాలది. అందులో ఆటోకి విడిగా పేరే లేదు. ఆ లోటు చూసే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్ కలిసి 2018లో 'ఇండియా డ్రైవింగ్ డేటాసెట్' తెచ్చాయి. దాదాపు 10,000 ఫొటోలు, 34 రకాల లేబుల్స్. ఆటో ఉంది, జంతువు ఉంది. నిజంగా మంచి పని. అయితే ఆ ఫొటోలు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో తీసినవి. వడ్ల కుప్పకి పేరు లేదు.

డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని డ్రైవర్‌లెస్ కార్లని ఇండియాకి రానివ్వనని గడ్కరీ 2023లో అన్నారు. అది వేరే చర్చ, పైగా సగం ఆటోమేటిక్ కార్లు ఇప్పటికే షోరూముల్లో ఉన్నాయి. వాటిలో బాధ్యత మొత్తం స్టీరింగ్ ముందున్న మీదే. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో 2022 నుంచి 'తిహాన్' టెస్ట్ ట్రాక్ ఉంది. అక్కడ ఎన్ని పరీక్షలు పెట్టినా, అందులో కల్లం, మంద, లైట్ లేని ట్రాలీ ఉన్నాయా అన్నదే నేను అడిగేది.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ముందు ఓనర్స్ మాన్యువల్ తీయమనండి. అడాస్ చాప్టర్‌లో ఏవి గుర్తుపట్టకపోవచ్చో రాసి ఉంటది. జంతువుల దగ్గర ఏం రాశారో చదివాకే సేల్స్‌మన్ చెప్పే ఫీచర్లు వినండి.