కాలువ సర్కారుది, మడవ రైతుది

రాయలసీమలోని కుందూ నది పరీవాహకంలో నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వైపు సాగే కర్నూలు–కడప కాలువ, అంటే జనం నోట కేసీ కెనాల్, ఊళ్లు కలిసి తవ్వుకున్నది కాదు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి, సాగుతో పాటు పడవల రాకపోకలకూ పనికొస్తుందన్న ఆశతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో దీనిని తవ్వించగా, నష్టాల పాలైన ఆ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం దీనిని తీసుకుంది. రాయలసీమ చెరువుల కథ వేరు. చెరువు తవ్వించి బాగోగులు చూసినవారికి రాబడిలో పదో వంతు దక్కే దశబంధం, తూము తెరిచి వంతుల ప్రకారం నీరు పారించే నీరుగంటి, ఇవి ఊరి కట్టుబాట్లు. కాలువకు అటువంటి కట్టుబాటు లేనందున తూములు, షట్టర్లు అధికారుల అదుపులోకి, వారి తరఫున కాలువ కాసే లస్కరు చేతిలోకి పోయాయి. రైతుకు మిగిలింది పంట కాలువ గట్టు తెంచి చేలోకి నీరు మళ్లించే మడవ ఒక్కటే.

ఈ లోటు పూడ్చడానికే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి, ఆయకట్టుదారులతో, అంటే కాలువ, చెరువు నీటితో పండే భూముల రైతులతో, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి, అదే ఏడాది రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిపించింది. పూడిక, జమ్ము తీయించడం, గట్లు సరిచేయించడం, వారబందీని, అంటే ఏ పొలానికి ఏ రోజు ఎంతసేపు నీరో చెప్పే వంతుల పట్టికను రూపొందించడం, తగాదాలు తీర్చడం సంఘం పనులు.

వీటిలో కష్టమైనది పూడిక కాదు, వంతు. ఎగువ రైతు తన వంతు దాటాక కూడా మడవ కట్టకుండా వరి మడికి నీరు పారిస్తే, కాలువ చివరి భూములవారు రాత్రంతా పార భుజాన వేసుకుని గట్టు వెంట కాపు కాసినా చుక్క అందదు. ఆ ఎగువ రైతే సంఘం అధ్యక్షుడైతే వారబందీ కాగితానికే పరిమితమవుతుంది. ఉమ్మడి వనరులపై పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, నియమానికి లోబడేవారికి ఆ నియమాన్ని మార్చే అవకాశం ఉన్నచోట అది ఎక్కువగా నిలుస్తుందని గుర్తించారు.

ఆ కొలతతో చూస్తే చట్టంలో ఒక మంచి మాట ఉంది: ఒకే భూమికి యజమాని, కౌలుదారు ఇద్దరూ ఉంటే కౌలుదారే సభ్యుడు. కాని ఆ కౌలు రికార్డుకెక్కి ఉండాలి. నోటిమాట కౌలే ఎక్కువైన పల్లెల్లో మడవ దగ్గర నిలబడేది ఒకరు, ఓటు వేసేది మరొకరు. ఈ తేడా చెరగాలంటే ఎన్నికల కన్నా ముందు కౌలు నమోదు జరగాలి.