కంపెనీ పక్షమున సంతకము చేయువారెవరు?

భూమిని కౌలుకు కోరుటకో, సెల్‌ఫోను స్తంభము నిలుపుటకో, పంటను కొనుటకో నేడు కంపెనీల ప్రతినిధులు శృంగవరపుకోట ప్రాంతపు గ్రామములకును వచ్చుచుందురు. "నేను డైరెక్టరును, నా సంతకము చాలును" అని వారిలో ఒకరన్నచో పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను?

చట్టము దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. కాని దానికి నోరు లేదు, చేయి లేదు. దాని పక్షమున మనుష్యులే సంతకము చేయవలెను. 2013 నాటి కంపెనీల చట్టము 179వ సెక్షను ప్రకారము కంపెనీని నడుపు అధికారము డైరెక్టర్ల బోర్డునకు కలదు. ఒక్కొక్క డైరెక్టరునకు విడిగా, ఆ పదవి వలననే, ఆ అధికారము రాదు. పంచాయతీ తీర్మానము లేనిదే ఒక సభ్యుడు గ్రామపు చెరువును కౌలుకీయజాలడు కదా! ఇదియు నట్టిదే. బోర్డు అధికారమిచ్చిన వ్యక్తియే ఒప్పందముపై సంతకము చేయవలెనని 21వ సెక్షను తెలుపుచున్నది. పబ్లిక్ కంపెనీ తన వ్యాపారము నంతటిని అమ్మదలచినచో బోర్డు తీర్మానము కూడ చాలదు. వాటాదారుల ప్రత్యేక తీర్మానము కావలయును.

ఈ విషయమున అజాగ్రత్త వలన నష్టమెట్లు కలుగునో కోట్ల వేంకటస్వామి, చింతా రామమూర్తి వ్యాజ్యము తెలుపును. అది 1934 నాటి న్యాయనివేదికలలో కెక్కినది. దానిని విచారించిన మద్రాసు హైకోర్టు క్రిందనే అప్పటికి మన జిల్లాలును ఉండెను. ఆ కంపెనీ నియమావళి ప్రకారము దస్తావేజుపై మేనేజింగు డైరెక్టరు, కార్యదర్శి, వర్కింగు డైరెక్టరు, ఈ ముగ్గురును సంతకము చేయవలెను. తనఖా పత్రముపై మేనేజింగు డైరెక్టరు సంతకము లేదు. తనఖా పుచ్చుకొన్నవారు సద్బుద్ధితోనే వ్యవహరించి యుండవచ్చును. అయినను పత్రము చెల్లలేదు. నియమావళి ఎవరైనను చూడదగిన పత్రము కనుక, దానిని చూడకపోవుట వారి లోపమే యైనది.

అయితే బయటివారికి రక్షణయు కలదు. నియమావళి అనుమతించిన పనికి కంపెనీ లోపల సభ సక్రమముగా జరిగినదా లేదా యని వారు విచారింప నక్కరలేదు. 1856లో ఇంగ్లండున టర్క్వాండు వ్యాజ్యమున ఏర్పడిన ఈ సూత్రమును మన న్యాయస్థానములును పాటించుచున్నవి. కాని సందేహించుటకు కారణము కనబడినప్పుడు విచారింపక ఊరకున్నవారికి ఈ రక్షణ లభింపదు.

కనుక ఒప్పందమునకు ముందు మూడు పనులు చేయవలెను. సంతకము చేయువానికి అధికారమిచ్చిన బోర్డు తీర్మానపు ప్రతిని కోరవలెను. నియమావళిలో ఎందరు సంతకము చేయవలెనో చూడవలెను. నిర్ణీత రుసుము చెల్లించి, కంపెనీల రిజిస్ట్రారు వద్దనున్న పత్రములలో ఆ వ్యక్తి నేటికిని డైరెక్టరుగా ఉన్నాడా యని సరిచూచుకొనవలెను. కంపెనీ ముద్రను చూచి మాత్రమే నమ్మరాదు; 2015 సవరణతో ముద్ర తప్పనిసరి కాకుండ పోయినది.

రైతులు తామే స్థాపించుకొను ఉత్పత్తిదారుల కంపెనీలకును ఈ మూలసూత్రమే వర్తించును. అందు డైరెక్టరు మన యూరి వాడే కావచ్చును. అయినను తీర్మానము చూపుమని అడుగుట అవమానము కాదు. అది ఉభయులకును రక్ష.