పుంజు మీదికొస్తే పరుగెత్తకండి

మా ఊరు పల్నాటి మాచవరం. మిరప, పత్తి పండించుకునే ఇల్లు. దొడ్లో ఎప్పుడూ పదీ పన్నెండు నాటుకోళ్లు తిరుగుతుంటాయి. కిందటి సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్లిన మర్నాడే, మా డేగపుంజు మా అక్క కొడుకు మీదికి ఎగిరింది. వాడికి నాలుగేళ్లు. పుంజు కాలిముల్లు వాడి కనుబొమ్మను చీల్చుకుంటూ పోయింది. ఇంకో అంగుళం కిందికి దిగితే కన్ను పోయేదే.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. "ఇయ్యాలే కోసి పులుసు పెట్టండి" అంది నాయనమ్మ. "పోట్లాడే పుంజుకు పండగ ముందు మంచి ధర పలుకుద్ది, అమ్మేద్దాం" అన్నాడు బాబాయి. అక్క ఏమీ అనలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది. జంతుశాస్త్రం చదువుతున్నానన్న ధీమాతో, "అసలు దానికంత కోపం ఎందుకొచ్చిందో కనుక్కుంటా" నన్నాను నేను. కనుక్కున్నాను కూడా. కాని ఆ సమాధానం నాకేమంత గౌరవం తెచ్చేది కాదు. అయినా మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక, ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కోపం కాదు, కాపలా

పల్నాటివాళ్లకు కోడిపుంజు పౌరుషం గురించి ఒకరు చెప్పాలా? పన్నెండో శతాబ్దంలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య సాగిన కోడిపందెం కథ మాకు ఉగ్గుపాలతోనే వస్తుంది. పందెంలో ఓడి మాచర్లవారు అడవుల పాలయ్యారు, చివరికి కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున రక్తం పారింది. ఈనాటికీ కారెంపూడిలో కార్తీక మాసం చివర మొదలై అయిదురోజులు జరిగే వీరుల ఉత్సవాల్లో ఒకరోజు పేరే "కోడిపోరు". ఇంత చరిత్ర ఉన్నవాళ్లం కనుక పుంజు మీదికొస్తే, "పౌరుషం గల జాతి" అని మీసం దువ్వుకుంటాం. అసలు సంగతి మాత్రం అడగం.

అసలు సంగతి వెతికినవాడు ఒకడున్నాడు. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆరు పడుచు పుంజులను తీసుకుని వృషణాలు తొలగించాడు. రెండింటిని అట్లాగే వదిలేశాడు. వాటికి జుట్టు ఎర్రబడలేదు, సరిగా కూయలేదు, పోట్లాటకు పోలేదు. మిగతా నాలుగింటికీ వృషణాన్ని కడుపులో వేరేచోట తిరిగి అమర్చాడు. పాత నరాల సంబంధం తెగిపోయినా అవి నిక్షేపంగా కూశాయి, పెట్టల వెంట పడ్డాయి, కొట్లాడుకున్నాయి. అంటే ఆ అవయవం నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతున్నదన్నమాట. ఆ పదార్థానికి 1935లో టెస్టోస్టిరోన్ అని పేరు పెట్టారు. ఈనాడు మనం క్లాసులో చదివే హార్మోన్ల శాస్త్రానికి ఒకవిధంగా పునాది వేసింది కోడిపుంజే!

పుంజుకు అయిదారు నెలలు వచ్చేసరికి ఈ హార్మోను పొంగు మొదలవుతుంది. దాని పని మనల్ని పొడిపించడం కాదు, మందను కాపాడించడం. మా డేగను రెండు రోజులు అరుగుమీద కూర్చుని గమనించాను. గింజ దొరికితే తను మింగదు. "కొక్ కొక్" మంటూ ముక్కుతో ఎత్తి కింద వేసి పెట్టల్ని పిలుస్తుంది. పైన గద్ద కనిపిస్తే ఒక రకం కూత, నేలమీద పిల్లో ముంగిసో వస్తే ఇంకో రకం. పెట్టలు ఆ తేడా తెలుసుకుని మొదటిదానికి నక్కుతాయి, రెండోదానికి తలలెత్తి చూస్తాయి. అంత బాధ్యత గల జీవి అది. మరి మనిషి మీదికి ఎందుకొచ్చినట్టు?

దానికి సమాధానం నార్వే దేశస్థుడైన షెల్డెరప్ ఎబ్బె చూపించాడు. చిన్ననాటి నుంచీ కోళ్లను చూస్తూ పెరిగిన ఆయన, కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవవచ్చునన్న దానికి ఒక వరస ఉంటుందని 1922లో ప్రచురించాడు. ఆ వరస ఒకసారి కుదిరితే రోజూ కొట్లాట ఉండదు. వెనక్కి తగ్గినవాడు కిందివాడు, అంతే లెక్క.

తప్పు ఎవరిది?

ఇక్కడే నా గుట్టు బయటపడుతుంది. డేగ పిల్లపుంజుగా ఉన్న రోజుల్లో సెలవులకు వెళ్లినప్పుడల్లా దాన్ని చెప్పుకాలితో కవ్వించేవాణ్ణి. అది మెడ ఈకలు నిక్కించి దూకేది. నేను నవ్వుతూ పరుగెత్తేవాణ్ణి. స్నేహితులు చప్పట్లు కొట్టేవాళ్లు. నాకది ఆట. దానికి మాత్రం పాఠం: "ఈ రెండుకాళ్ల పెద్దప్రాణి నా వరసలోదే, దూకితే పారిపోతుంది." సంక్రాంతినాటికి ఆ పాఠం బాగా వంటబట్టింది. మా అల్లుడు దాన్ని చూసి భయపడి పరుగెత్తాడు. అది నేర్చుకున్నదే చేసింది. వాడి కనుబొమ్మ మీది మచ్చలో సగం నా చేతిరాత.

ఏం చేయాలి?

మొదట గుర్తులు తెలుసుకోవాలి. పుంజు ఒక రెక్క నేలకు దించి మన చుట్టూ పక్కపక్కగా నడిచినా, మెడ ఈకలు నిక్కించి తల కిందికి వంచినా అది హెచ్చరిక. దూకేది ఆ తర్వాతే.

అప్పుడు పరుగెత్తకూడదు. తన్నకూడదు, కర్రతో కొట్టకూడదు. పరుగెత్తితే గెలిచాననుకుంటుంది, కొడితే పోటీకి పిలిచారనుకుంటుంది. కదలకుండా నిటారుగా నిలబడి, అది పక్కకు తిరిగేదాకా ఉండి, తర్వాత నిదానంగా మన దారిన మనం నడవాలి. మోకాళ్లదాకా గోతం పట్టా అడ్డం పెట్టుకుంటే ముల్లు తగలదు. మా నాన్న మొదటి వారం అట్లాగే దొడ్లోకి వెళ్లాడు. నాయనమ్మ చూసి, "కురుక్షేత్రానికి పోతున్నాడు" అని నవ్వింది.

రెండోది, ఎత్తుకోవడం. చీకటిపడ్డాక గూట్లో ఉన్నప్పుడు పుంజుకు చూపు ఆనదు. అప్పుడు రెక్కలు కలిపి పట్టుకుని చంకలో పెట్టుకుని అయిదు నిమిషాలు ఉంచి దించాలి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసే మన అలవాటు మంచిది కాదు, దానివల్ల భయం ఇంకా ముదురుతుంది.

మూడోది, దొడ్డి సర్దుబాటు. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు ఉండాలి. మా దొడ్లో రెండు పుంజులకు ఏడే పెట్టలు ఉండేవి! గింజలు ఒకేచోట కాకుండా రెండు మూడు చోట్ల చల్లాలి. మేత వేసేది రోజూ ఒకే వేళకు, నిదానమైన మనిషి అయితే మంచిది. ముల్లు మరీ పొడుగైతే కొనను మాత్రం ఆకురాయితో అరగదీయవచ్చు. లోపల ఎముకా నెత్తురూ ఉంటాయి కనుక మొదలంటా కోయకూడదు.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. పసిపిల్లల ముఖం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది. పైన చెప్పిన ఉపాయాలేవీ నాలుగేళ్లవాడు చేయలేడు. కాబట్టి పిల్లలు ఉన్నంతసేపూ పుంజు గంప కిందో, కంచె లోపలో ఉండాల్సిందే. గాయమైతే సబ్బునీళ్లతో బాగా కడిగి, డాక్టరుకు చూపించి, ధనుర్వాతం సూది సంగతి అడగాలి. కాఫీపొడి అద్ది ఊరుకోకూడదు.

ఇవన్నీ చేసినా మారని పుంజులు ఉంటాయి. పొగరు కొంత రక్తంలోనూ వస్తుంది. అట్లాంటిదాని గుడ్లు పొదగ పెట్టకూడదు. కోసుకుతినడం కూడా తప్పని నేననను. మనది రైతు ఇల్లు.

బేరగాడు వచ్చిన రోజు

భోగికి రెండు రోజుల ముందు బేరగాడు రానే వచ్చాడు. డేగను అటూ ఇటూ తిప్పి చూసి, నా ఒక సెమిస్టరు ఫీజుకు సరిపోయేంత ధర చెప్పాడు. ఆ యేడు మిరపకు తెగులు వచ్చి ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది. బాబాయి అప్పుడే గంప ఎత్తబోయాడు.

కొన్నవాడు దాని కాలికి కత్తి కడతాడని అందరికీ తెలుసు. జంతువుల్ని పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. అది పుంజుకే కాదు, మనిషికీ ముప్పే. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో పందెం వేళ పుంజు కాలి కత్తి తగిలి ఒక మనిషి ప్రాణమే పోయింది. నేను ఇదంతా చెబుతుంటే, నాన్న అడ్డుకుని ఒకే మాట అడిగాడు: "దాన్ని పోట్లాడటం నేర్పింది ఎవుర్రా?" నేను తల వంచుకున్నాను. "నేర్పింది మనం. దాన్ని కత్తికి అమ్ముకుని నీకు ఫీజు కట్టమంటావా?" అని బేరగాణ్ణి పంపించేశాడు. ఫీజు నెల ఆలస్యంగా, జరిమానాతో సహా కట్టాం.

ఉగాదికి వెళ్లి చూశాను. రెండో పుంజును మేనమామ వాళ్ల దొడ్డికి పంపేశారు. డేగ నాన్నను చూసి పక్కకు తప్పుకుంటున్నది. నాయనమ్మ చేతి నూకలు తింటున్నది. కోసి పులుసు పెట్టమన్న మనిషి తనేనని ఇప్పుడు ఒప్పుకోదు! పొదగ పెట్టడానికి మాత్రం గుడ్లు పక్కింటి సాధుపుంజు దొడ్డి నుంచే తెస్తున్నది. అక్క వస్తున్నదంటే ముందే గంప మూస్తారు.

నన్ను చూస్తే మాత్రం డేగకు ఇప్పటికీ మెడ ఈకలు నిక్కుతాయి. అది మరిచిపోలేదు. నేను కదలకుండా నిలబడి, అది తల తిప్పుకునేదాకా ఆగుతాను. ఒక్కోసారి పావుగంట పడుతుంది. నేర్పడానికి పట్టిన కాలంతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.